నాలుగింటికి లేచినవాళ్ళ లెక్క

రెండేళ్ళ కింద సికింద్రాబాదులో ఒక ఫంక్షన్ హాల్లో, చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్న స్త్రీలకు ఒకరోజు శిక్షణ పెట్టారు. బ్లౌజులు కుట్టేవాళ్ళు, మగ్గం వర్క్ చేసేవాళ్ళు, ఇంట్లోనే బ్యూటీ పార్లర్ పెట్టుకున్నవాళ్ళు, పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్మేవాళ్ళు అరవైమంది దాకా వచ్చారు. పొద్దున సెషన్ పేరు 'విజేతల అలవాట్లు'. తెల్లవారుజామున లేవాలి, మర్నాడు చేయాల్సిన పనులు రాత్రే రాసుకోవాలి, ఇంటినీ వ్యాపారాన్నీ కలపకూడదు, 'నాకు టైమ్ లేదు' అనే మాట నోటివెంట రాకూడదు అని ఒక యువకుడు చాలా ఉత్సాహంగా చెప్పాడు. అందరూ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

మధ్యాహ్నం నా వంతు. సాహిత్యంలో నేను చేసిన పరిశోధన కోసం నన్ను పిలవలేదు. కర్రీ పాయింట్ నడిపిన ఒకావిడ కూతురిగా పిలిచారు. మా అమ్మ కథ చెప్పాను. దాదాపు ఇరవై ఏళ్ళు రోజూ నాలుగింటికి లేచిందనీ, షట్టర్ ఒక్కరోజు కూడా ఆలస్యంగా ఎత్తలేదనీ, ఆ క్రమశిక్షణే నన్ను డాక్టరేటు దాకా చదివించిందనీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చి ఆ సంగతంతా అమ్మకు సంతోషంగా చెప్పాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"అలవాటేంది బిడ్డా? నేను భయానికి లేచిన. లేవకపోతే ఆ నెల కిరాయి ఎట్ల కట్టాలె అని లేచిన. నువ్వు పోయి అందర్నీ గట్లనే లెవ్వుమని చెప్పొచ్చినవా?"

అవును, అదే చెప్పొచ్చాను. ఒక మనిషి భయంతో చేసిన పనిని సుగుణంగా మార్చి, ఇంకో అరవైమందికి పాఠంగా చెప్పొచ్చాను. అది తప్పా? తప్పయితే ఎక్కడుంది తప్పు? అప్పట్నించీ నన్ను వదలని ప్రశ్న ఇది.

*

అమ్మ సీతాఫల్‌మండిలో కర్రీ పాయింట్ తెరిచింది 2003లో. నాన్న పనిచేసే ప్రైవేటు కంపెనీ మూతబడి అప్పటికి ఏడాదయింది. నేను తొమ్మిదో తరగతి. మా చుట్టుపక్కల రైల్వే ఉద్యోగులు, గదులు అద్దెకు తీసుకుని పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే కొత్త జంటలు. వాళ్ళంతా అన్నం ఒక్కటీ ఇంట్లో వండుకుని పప్పు, కూర, సాంబారు, పచ్చడి ప్యాకెట్లలో కొనుక్కునేవాళ్ళు. జంటనగరాల్లో వీధికొకటిగా కర్రీ పాయింట్లు పుట్టుకొచ్చింది ఇట్లాంటి గిరాకీతోనే. ఉద్యోగం చేసే స్త్రీ వంటింటి పనిలో సగభాగాన్ని ఇంకో స్త్రీ తన వంటింట్లోకి తీసుకోవడం అన్నమాట.

నాలుగింటికి రాత్రి నానబోసిన పప్పు పొయ్యెక్కేది. ఆరుకల్లా నాన్న మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చేవాడు. కూరగాయలు తరిగి, తాలింపులు పెట్టి, పదకొండుకు టబ్బులు షాపుకు చేర్చాలి. రెండింటి దాకా అమ్మకం. ఆ తర్వాత అంట్లు, మా ఇంటి బట్టలు, మా నానమ్మ మందులు. మళ్ళీ సాయంత్రానికి వంట. రాత్రి పదింటికి షట్టర్ దించడం. గల్లా దగ్గర నాన్న కూచునేవాడు కాబట్టి కొత్త గిరాకీలు ఆయన్నే ఓనరనుకునేవాళ్ళు. అమ్మను 'వంటామె' అనేవాళ్ళు. అమ్మ కూడా సర్దిచెప్పేది కాదు.

'ఇంటినీ వ్యాపారాన్నీ కలపొద్దు' అన్న యువకుడి సలహా విన్నప్పుడు నాకు ఆ వంటిల్లే గుర్తొచ్చింది. రెండూ ఒకే గదిలో ఉండేవి. మా ఇంటి పప్పు, షాపు పప్పు ఒకే కుక్కర్లో ఉడికేవి. నానమ్మ పిలిస్తే వినబడేంత దూరంలో ఉండటం కోసమే అమ్మ షాపు వంట ఇంట్లో పెట్టుకుంది. ఆ రెండింటినీ ఎవరు విడదీయగలరు? నానమ్మ బాధ్యతను వేరొకరు తీసుకునే ఇంట్లో వాళ్ళు మాత్రమే.

*

మంచి అలవాట్ల మీద మనకున్న నమ్మకం చాలా పాతది. సుగుణం పుట్టుకతో రాదు, చేస్తూ చేస్తూ ఉంటే అబ్బుతుంది అన్నాడు అరిస్టాటిల్. ధైర్యమైన పనులు చేస్తేనే ధైర్యవంతులమవుతాం, న్యాయమైన పనులు చేస్తేనే న్యాయవంతులమవుతాం. నాకు ఈ ఆలోచన ఇష్టం. మనిషి మారగలదని చెప్తుంది కనుక. కానీ అదే అరిస్టాటిల్ చేతిపనుల వాళ్ళ జీవితం పౌరుడి సుగుణానికి పనికిరాదన్నాడు, దానికి తీరిక కావాలి కాబట్టి. ఆ తీరికను బానిసలూ స్త్రీలూ ఏర్పాటు చేసేవాళ్ళు. ఇతరుల పొద్దు మీద నిలబడి అలవరచుకున్న సుగుణం అది.

వ్యాపారస్తుల అలవాట్లకు ఆధునిక కాలంలో ఆదిగురువు బెంజమిన్ ఫ్రాంక్లిన్. కాలమే డబ్బు అని 1748లో ఒక యువ వర్తకుడికి సలహాగా రాశాడు. పెట్టుబడిదారీ స్వభావం ఎట్లాంటిదో చెప్పడానికి మాక్స్ వెబర్ 1904-05లో తీసుకున్న ఉదాహరణ కూడా ఆ సలహానే. ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో పదమూడు సుగుణాల జాబితా వేసుకున్నాడు. ఐదింటికి లేవడంతో మొదలయ్యే దినచర్య పట్టిక గీసుకున్నాడు. ఇవాళ మన స్టేషన్ బుక్‌స్టాళ్ళలో దొరికే వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నిటికీ దూరపు పూర్వీకురాలు ఆ పట్టిక.

ఆ ఆత్మకథలోనే ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. భార్య డెబోరా తనకు వ్యాపారంలో సాయం చేసేదనీ, కరపత్రాలు మడిచి కుట్టేదనీ, దుకాణం చూసుకునేదనీ, కాగితం తయారీకి పాతగుడ్డలు కొనేదనీ ఫ్రాంక్లినే రాశాడు. ఆయన ఏళ్ళ తరబడి లండన్‌లో ఉన్నప్పుడు ఇక్కడి వ్యవహారాలు చూసింది కూడా ఆమే. 1774లో ఆమె చనిపోయేటప్పటికి ఆయన ఇంటికి దూరంగా వెళ్ళి పదేళ్ళయింది. ఐదింటికి లేచిన ఫ్రాంక్లిన్ గురించి ప్రపంచమంతా చదువుకుంది. డెబోరా ఎన్నింటికి లేచేదో ఆ పట్టికలో లేదు.

అలవాటు గురించి నన్ను ఎక్కువ కలవరపెట్టినవాడు విలియం జేమ్స్. 1890లో రాసిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆయన అలవాటును సమాజాన్ని నడిపే బరువైన చక్రంతో పోలుస్తాడు. చేపలు పట్టేవాణ్ణి చలికాలంలోనూ సముద్రం మీద ఉంచేదీ, గని కార్మికుణ్ణి చీకట్లో ఉంచేదీ, పేదలు తిరగబడకుండా ధనవంతుల పిల్లల్ని కాపాడేదీ అలవాటేనంటాడు. తప్పుపట్టడానికి అనలేదు, మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ జాబితాలో నాలుగింటికి పొయ్యి వెలిగించే స్త్రీని మనం చేర్చుకోవచ్చు. అలవాటు మనిషిని నిలబెడుతుంది, నిలబడ్డచోట కట్టేస్తుంది కూడా.

*

తెలుగు స్త్రీలకు కాలం ఎట్లా గడపాలో చెప్పేవాళ్ళు ఎప్పుడూ తక్కువ కాలేదు. వీరేశలింగం స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రిక పెట్టింది 1883లో. చదువుకున్న స్త్రీ ఇంటిని పొదుపుగా, శుభ్రంగా, వేళతప్పకుండా నడపాలన్న ఆశ ఆ కాలపు సంస్కరణ సాహిత్యం పొడుగునా కనిపిస్తుంది. వందేళ్ళ తర్వాత ఆ 'పొదుపు' అనే మాటే రాష్ట్ర విధానమయింది. 1982-83లో డ్వాక్రా మొదలయింది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో రోజుకొక రూపాయి దాచే పొదుపు సంఘాలు విస్తరించాయి. సారా మీద పోరాడిన స్త్రీలు పొదుపు చేసే స్త్రీలయ్యారు. ఆ సంఘాలు ఎంతోమందికి గడప దాటే ధైర్యమిచ్చాయి, దాన్ని కాదనడం అన్యాయం. కానీ పోరాడే స్త్రీ కంటే వేళకు కట్టే స్త్రీ ప్రభుత్వానికీ బ్యాంకుకూ ఎక్కువ నచ్చిందన్నదీ నిజమే.

ఆ తర్వాత సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. తాకట్టు పెట్టడానికి భూమీ బంగారమూ లేని స్త్రీల దగ్గర ఒక్కటి ఉందని అవి కనిపెట్టాయి. వాళ్ళ అలవాటు. వారం వారం ఒకే రోజు, ఒకే వేళకు మీటింగు. అందరూ కలిసి ప్రతిజ్ఞ చెప్పాలి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. పక్కింటామె ముందు తలదించుకోవడం ఇష్టంలేక స్త్రీలు ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేశారు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. అప్పటిదాకా 'మన స్త్రీలు ఎంత క్రమశిక్షణగా కడతారో' అని దేశమంతా చెప్పుకున్నది ఆ స్త్రీల గురించే. క్రమశిక్షణ వాళ్ళ గుణమే. దాని మీద వచ్చే వడ్డీ మాత్రం వేరేవాళ్ళకు పోయింది.

మరియా మీస్ నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ప్రచురించిన పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లే ఆ స్త్రీలను 'ఇంట్లో ఖాళీగా కూచున్న గృహిణులు' అని పిలవడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె చూపించింది. లేసు వాళ్ళకు తీరికవేళ అలవాటు, వర్తకుడికి వ్యాపారం. ఒకే పనికి పేరు మారితే ధర మారిపోతుంది. మా అమ్మ నాలుగింటి పొయ్యికి నేను 'క్రమశిక్షణ' అని పేరు పెట్టినప్పుడు కూడా అదే జరిగింది. పేరు గౌరవంగా ఉంది కాబట్టి కూలి ఎంత అని ఎవరూ అడగలేదు, నేను కూడా.

అడగాల్సినంత లెక్క ఉంది. 2019లో మనదేశంలో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి ఖర్చుపెట్టారు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గింది, పురుషుల పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. పొద్దున్నే గంట ముందు లేవమని స్త్రీకి సలహా ఇచ్చేవాళ్ళు ఈ దాదాపు ఐదు గంటల్ని ముట్టుకోరు. ఆ గంటను ఆమె నిద్రలోంచి తీసి ఇవ్వమంటారు.

*

ఇంతవరకూ రాయడం నాకు తేలిక. మనకు అలవాటైన వాదనే. కష్టమైనది ఇక చెప్పాలి.

అమ్మ దగ్గర ఒక అక్క పనిచేసేది. పొద్దున ఆరింటికి వచ్చి కూరగాయలు తరిగి, అంట్లు తోమి, పదకొండుకు పోయేది. వారాసిగూడ వైపు బస్తీలో ఉండేది. వారంలో మూడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చేది. అమ్మకు చాలా కోపం. "నేను నాలుగింటికి లేస్తలేనా? దీనికి ఆరింటికి వచ్చెటందుకు ఏం రోగం? అలవాటు లేదు, అంతే" అనేది. ఒకరోజు గిరాకీల ముందే గట్టిగా తిట్టింది. అక్క ఏమీ మాట్లాడకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మూడురోజులు రాలేదు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ మూడురోజులూ అంట్లు నేనే తోమాను. అక్క మీద నాకూ కోపమే వచ్చింది.

నాలుగోరోజు అమ్మ ఆమె ఇంటికి వెళ్ళింది. వాళ్ళ బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, తెల్లారి ఐదున్నర నుంచి ఏడు దాకా. నాలుగైదు ఇళ్ళకు ఒక నల్లా. బిందెలు వరసలో పెట్టి నిలబడకపోతే రెండురోజులు నీళ్ళుండవు. అది కాక మంగళవారం పొద్దున అప్పు కంపెనీ మీటింగు. ఆలస్యంగా పోతే అక్కడా తిట్లే. అక్కకు వేళపాలన లేదని మేం అనుకున్నాం. నిజానికి ఆమె మూడు గడియారాల మధ్య పరుగెత్తేది. నల్లా గడియారం, అప్పు గడియారం, మా అమ్మ గడియారం. మూడింటిలో ఒక్కటి కూడా ఆమెది కాదు.

మా అమ్మ కూడా ఒకరి ఓనరే అని నాకు అర్థమయింది ఆరోజు కాదు, చాలా ఏళ్ళ తర్వాత. అమ్మ మీద కిరాయి వేసిన ఒత్తిడిని అమ్మ అక్క మీదికి దించింది, 'అలవాటు' అన్న మాటతోనే. నేను అరవైమంది ముందు చెప్పిన కథలో అక్క లేదు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాని ఆ షట్టర్ వెనక ఆమె చేతులున్నాయి, ఆమె మాటలు పడ్డ పొద్దుటిపూటలున్నాయి.

అమ్మ ఆ బస్తీ నుంచి వచ్చి పెద్ద మాటలేమీ చెప్పలేదు. నల్లా వచ్చే రోజుల్లో ఎనిమిదింటికి రమ్మంది. ఆ రోజుల్లో బెండకాయ, దొండకాయ లాంటి తరుగుడు ఎక్కువున్న కూరలు మానేసి పప్పుచారు, గుడ్డుపులుసు, ఆలుగడ్డ పెట్టింది. తరగాల్సినవి కొన్ని ముందురోజు రాత్రే నాన్నకు అప్పజెప్పింది. నాన్న నాలుగు రోజులు సణిగి ఊరుకున్నాడు. వ్యాపారం ఏమీ కూలిపోలేదు. ఇంత చిన్న మార్పుకు మూడేళ్ళు పట్టింది, ఎందుకంటే ఆ మూడేళ్ళూ లోపం అక్క స్వభావంలో ఉందని మేం నమ్మాం.

దీన్ని నేను క్రమశిక్షణకు వ్యతిరేకంగా వాదించడానికి చెప్పడంలేదు. ఆ పొరపాటు కూడా ఒకటుంది, మనలాంటి చదువుకున్నవాళ్ళం చేసేది. ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన వ్యాసం చదివి, గడియారం అంటేనే పెట్టుబడిదారుడి కుట్ర అన్నట్టు నేను కొన్నాళ్ళు మాట్లాడాను. అమ్మతో అంటే నవ్వింది. "పన్నెండింటికి ఆకలైతది మనుషులకు. గడియారం ఉన్నా అయితది, లేకున్నా అయితది" అన్నది. నిజమే. సికింద్రాబాదులో 1897 నుంచీ గడియార స్తంభం ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నిజాం రైల్వే కాలం నుంచీ మనుషుల్ని వేళకు పిలుస్తోంది. ఆ వేళకు పనికిపోయేవాళ్ళకు వేళకు కూర కావాలి. పప్పు ఉడకడానికి దాని వేళ దానికుంది. ఎదుటిమనిషి ఆకలిని లెక్కలోకి తీసుకోవడం కూడా వేళపాలనే. అందుకే వేళ పాటించాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. ఒకరు వేళ పాటించడానికి ఇంకెవరి వేళ చెదిరిపోతోంది, ఆ సంగతి వాళ్ళతో మాట్లాడుకున్నామా అన్నది ప్రశ్న.

*

నా పరిశోధనలో ఒక అధ్యాయం వంటింటి మీద. విమల 'వంటిల్లు' కవితా, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథా దానికి ఆధారం. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఆ గృహిణి గురించి నేను ఇరవై పేజీలు రాశాను. రాసింది ఎక్కడో కాదు, షాపు వెనక గదిలో, పచ్చడి బాటిళ్ళ పక్కన బల్ల వేసుకుని. 'వంటామె' అని పిలిపించుకుంటున్న మనిషి పది అడుగుల దూరంలో ఉండేది. ఆమె పేరు షాపు బోర్డు మీద లేదు. ఆ సంగతి నాకు తట్టలేదు.

తట్టింది లెక్కల దగ్గర. 2012లో ఒక బ్యాంకు లోను కోసం కాగితాలు కావాల్సివచ్చి అమ్మా నేనూ మొదటిసారి ఒక నెల పద్దు పూర్తిగా రాశాం. అమ్మకం 66,000. సరుకులు, నూనె, కూరగాయలు 38,000. గ్యాస్ 6,400. షాపు కిరాయి 5,000. అక్క జీతం 3,000. కవర్లు, రబ్బరుబ్యాండ్లు, చిల్లర 1,600. మొత్తం ఖర్చు 54,000. మిగిలింది 12,000. "బాగనే మిగిలింది" అన్నది అమ్మ. నేను ఊరికే అడిగాను, నీ జీతం ఎక్కడ రాయాలమ్మా అని.

"నాకు జీతమేంది? నా షాపే కదా."

అక్క రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు 150 గంటలు చేస్తుంది. 3,000 అంటే గంటకు 20 రూపాయలు. అమ్మ రోజుకు పదమూడు గంటలు, నెలకు 390. అక్క రేటు కట్టినా 7,800. లాభం 4,200కు దిగింది. అమ్మ బదులు ఒక వంటమాస్టరును పెట్టుకుంటే అప్పట్లో 12,000 అడిగేవాడు. అప్పుడు లాభం సున్నా. ఇద్దరం చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూచున్నాం. తొమ్మిదేళ్ళుగా మేం లాభం అనుకున్నది అమ్మ కూలి. అంతకంటే ఎక్కువసేపు అమ్మ చూసింది 20 అన్న అంకెను. "గంటకు ఇరవయ్యేనా నేను దానికి ఇచ్చేది?" అన్నది.

తర్వాతి నెల నుంచి పద్దులో 'నా కూలి' అని ఒక గీత వచ్చింది. కూర ప్యాకెట్ 15 నుంచి 18 అయింది. చిల్లర లేక రోజూ గొడవే. కొందరు గిరాకీలు పోయారు, ఎక్కువమంది ఉన్నారు. అక్కకు 4,000 చేసింది. ఆదివారం సాయంత్రం షాపు మూసేయడం మొదలుపెట్టింది. నాలుగింటికి లేవడం మాత్రం ఆగలేదు. ఆ గీత విప్లవమేమీ తేలేదు. లోను రాలేదు కూడా. కానీ ప్రతి నెలా ఆ గీత గీసేటప్పుడు అమ్మ తన పనిని పనిగా చూసేది. ఇరవై ఏళ్ళలో అమ్మ చేసుకున్న అలవాట్లలో నాకు నిస్సంకోచంగా సుగుణం అనిపించేది అదొక్కటే. భయం వల్ల పుట్టింది కాదు అది. తనను లెక్కలో రాసుకోవడం నేర్చుకున్న మనిషి పక్కామెను కూడా రాసింది. అరిస్టాటిల్ చెప్పినట్టు, న్యాయమైన పని చేస్తూ చేస్తూ వచ్చే న్యాయబుద్ధి అంటే ఇదే కావచ్చు.

మళ్ళీ ఆ హాల్లోకి పిలిస్తే నేను చెప్పాల్సింది ఇది. ఎన్నింటికి లేవాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, మీరు లేస్తూనే ఉన్నారు. పద్దు రాయండి. అందులో మీ కూలి మొదట రాయండి. మీ దగ్గర పనిచేసే ఆమె గంటకు ఎంతో భాగించి చూడండి. ఆలస్యంగా వచ్చే మనిషి అలవాట్లను తిట్టేముందు ఆమె బస్తీలో నల్లా ఎన్నింటికి వస్తుందో కనుక్కోండి. ఇంట్లో మగవాళ్ళకు రాత్రిపూట తరగడానికి దొండకాయలు ఇవ్వండి.

*

షాపు 2020 లాక్‌డౌన్‌లో మూతబడి, మళ్ళీ తెరుచుకుని, అమ్మ మోకాళ్ళు మొరాయించడంతో 2022లో ఆగిపోయింది. అక్క ఇప్పుడు ఒక హాస్టల్లో పనిచేస్తోంది. పండక్కి వచ్చిపోతుంది. అమ్మకు ఇప్పటికీ నాలుగింటికే మెలకువ వస్తుంది. పనేమీ ఉండదు కనుక చీకట్లో కూచుంటుంది. భయం పోయింది, అది నేర్పిన వేళ మాత్రం ఒంట్లో ఉండిపోయింది.

నిజానికి పనేమీ ఉండదన్నది కూడా నేను రాసే అబద్ధమే. మా పాపకు ఐదేళ్ళు. నేను కూడా తెల్లవారుజామున లేచి రాసుకుంటాను. 'ఇంత పని ఎట్లా చేస్తావ్, ఎంత క్రమశిక్షణ నీకు' అని తోటి అధ్యాపకులు అంటే మొహమాటంగా నవ్వి ఊరుకుంటాను. ఆ వేళకు పాప లేస్తే చూసుకునేది అమ్మ. జడలు వేసేది, డబ్బా కట్టేది, బస్సెక్కించేది అమ్మ. నా పుస్తకంలోని కృతజ్ఞతల పేజీలో ఆమె పేరుంది. ఏ పద్దులోనూ ఆమె గంటలు లేవు.

ఈ వ్యాసం మొదటి ప్రతి చదివి వినిపించాను. అక్క గురించి రాసిన చోట తలూపింది. లెక్కల చోట "అరవై ఆరు వేలు, సరిగ్గనే రాసినవ్" అన్నది. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మరి ఇప్పటి గీత ఏదే?"

ఏం చెప్పాలో తోచలేదు. డబ్బు ఇస్తానంటే తీసుకోదని తెలుసు, అడిగినా నవ్వుతుంది. అయినా ఆ ప్రశ్న నవ్వులాటకు అడిగింది కాదు. ఆ రాత్రి నేనూ మా ఆయనా కూచుని వారంలో ఎవరెవరు ఎన్ని పొద్దులు చూసుకోవాలో ఒక కాగితం మీద రాశాం. అమ్మకు రెండు రోజులు, మాకు మిగిలినవి. ఇప్పటికి మూడు వారాలయింది. రెండుసార్లు తప్పాం. ఈ వ్యాసం పూర్తిచేస్తున్నది తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం, పాప పక్కన రంగులు వేసుకుంటూ మధ్య మధ్య పిలుస్తుండగా. అందుకే ఇవ్వాల్సిన గడువు దాటి పదకొండు రోజులయింది.